సీతాదేవి సాగనంపే దారి

కెనడాలో ఇంటి తలుపు మనిషి గడప దాటీ దాటకముందే మూసుకుంటుంది. చలి లోపలికి వస్తుందని. వచ్చిన కొత్తలో అది నాకు మొహం మీద కొట్టినట్టుండేది. తర్వాతి చలికాలానికి నేనూ అలాగే మూయడం నేర్చుకున్నాను. బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. ఎవడు వెళ్లాడో, ఎవడు వచ్చాడో తలుపు చప్పుడును బట్టి తెలిసేది, మొహం చూసి కాదు. నేను వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసేవాణ్ణి. ఖాళీ దొరికితే లైబ్రరీలో చేతికందిన పుస్తకం చదివేవాణ్ణి. సగంలో విసుగొచ్చి లేచి నడిచేవాణ్ణి. ఈ దేశం మీద నాకు మంచి మాట ఉండేది కాదు. మా ఊరి మీదా ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం క్యారేజీ కోసం సీతాదేవి ఆంటీ దగ్గరికి వెళ్లాను. మా వీధికి రెండు వీధుల అవతల, శ్యామల గారనే ఐటీ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేది. చదువుకునే పిల్లలకీ నాలాంటి చదువు అయిపోయి ఏమీ కానివాళ్లకీ వండిపెట్టేది. అరవై దాటిన మనిషి. పొట్టి. స్వెటర్ మీద నడుముకి ఎర్ర పువ్వుల గుడ్డ ఒకటి చుట్టుకుని ఉంది. అది చీరా కాదు, లుంగీ కాదు. క్యారేజీ నా చేతికిచ్చి, కొక్కేనికి తగిలించిన జాకెట్ తీసి వేసుకుంది.

"బయటికి పోతున్నరా ఆంటీ?" అన్నాను.

"నీతోనేరా. పద."

"నాతో ఎందుకు? నాకు దారి తెల్సు."

"దారి తెలీదని ఎవరన్నారు? పద ముందు, పులుసు చల్లారిపోద్ది."

మంచులో ఆవిడ నా పక్కనే నడిచింది. వీధి మొత్తానికీ కలిపి పెట్టిన ఉత్తరాల పెట్టె దాకా వచ్చి, "ఇక వెళ్లు" అని వెనక్కి తిరిగింది. పీడ వదిలిందనుకుని నాలుగడుగులు వేశాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఇంట్లో అంతా కులాసానా?"

తిరిగి చూశాను. ఆవిడ నాకు వీపు పెట్టి తన దారిన నడిచిపోతోంది.

"ఏందాంటీ?"

"వెనక్కి చూడకు! నడుస్తా చెప్పు. అమ్మ బాగుందా?"

"బాగుంది."

"నాన్న?"

"బాగున్నడు."

"గేదె ఈనిందా?"

"మాకు బర్రె లేదాంటీ!"

"లేకపోతే లేదని చెప్పు, అరుస్తావేంది!"

కుక్కను తిప్పుతున్న ఒకాయన ఆగి, ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. ఈవిడకి ఏదో ఒక మర లూజైందనుకున్నాను. కానీ పప్పు బాగుంది. మర్నాడు మళ్లీ వెళ్లాను.

ఆ నడకకీ ఆ కేకలకీ కారణం కొంచెం కొంచెంగా తెలిసింది. పోపు వేస్తూ ఒక ముక్క, చపాతీ కాలుస్తూ ఒక ముక్క చెప్పేది. ఆవిడది చిలకలూరిపేట. భర్త యోగానంద్ గారు అక్కడ పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. టాంజానియాలో షిన్యాంగా వైపు ఎవరో జిన్నింగ్ మిల్లు పెడితే, మిషన్లు బిగించడానికని వెళ్లి అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఆవిడనూ నాలుగేళ్ల కొడుకు మహీధర్‌నూ తీసుకెళ్లాడు. మిల్లు పక్కన పల్లె. పేరు మ్వాసేగె. ఆవిడ నోట్లో ఆ పేరు సగం మాట, సగం ముక్కుతో తీసిన రాగంలా ఉండేది. నడుముకి చుట్టుకునే ఆ ఎర్ర పువ్వుల గుడ్డ కూడా అక్కడి ఆడవాళ్ల కట్టేనట.

ఆఫ్రికా గురించి నేను చదివిన పుస్తకాల్లో సింహాలున్నాయి, లేకపోతే యుద్ధాలు, రెండూ లేకపోతే జాలి. ఆవిడ చెప్పిన ఆఫ్రికాలో ఈ మూడూ లేవు.

"మొదటి రోజు పొద్దున్నే తలుపు తీశాను. ఎదురుగా ఇంకో తలుపు నడిచొస్తోంది" అనేది.

"తలుపు నడుచుడేంది?"

"నడుస్తోందిరా. కొత్త తలుపు, గడియతో సహా. దగ్గరకొచ్చాక కింద కాళ్లు కనపడ్డాయి. ఎవరో నెత్తిన పెట్టుకుని సంత నుంచి మోసుకొస్తున్నాడు."

అక్కడ అన్నీ తలల మీదే వెళ్లేవట. మంచం వెళ్లేది, కుట్టుమిషన్ వెళ్లేది. ఒకావిడ తల మీద ముడిచిన గొడుగు ఒక్కటే అడ్డంగా పడుకుని, చేతిలో బుట్ట ఊపుకుంటూ వెళ్లేదట. వాన మొదలైతే గొడుగు చేతికొచ్చేది, చేతిలోని బుట్ట నెత్తికెక్కేది. పిల్లలు బడికి పలకలతో కాకుండా పారలతో, నీళ్ల క్యాన్లతో పోతుంటే, వీళ్లు వెళ్లేది బడికా పొలానికా అని చాలా రోజులు అర్థం కాలేదట. బడికే ఒక పొలం ఉండేదట. ఒక మధ్యాహ్నం ఒకతను భుజం మీద తువ్వాలు వేసుకున్నట్టు కొండచిలువను వేసుకుని ఇంటి ముందు నుంచి వెళుతూ, మర్యాదగా ఆగి క్షేమం అడిగాడట. వాళ్ల పండగలో పాములతో ఆడే ఆటకి సాధన చేయడానికి వెళుతున్నాడు. "నేను తలుపు సందులోంచే బాగున్నానని చెప్పాను. పాము బాగుందా అని మాత్రం అడగలేదు" అని నవ్వేది.

నాకు అన్నిటికన్నా నచ్చింది అడుగుల సంగతి. వాన వెలిశాక వాకిట్లో లారీ టైర్ల గుర్తులు కనిపించాయట. కానీ ఒక్కొక్కటీ మనిషి పాదమంత పొడవే ఉంది. పక్కన పిల్లలవి, ఇంకా చిన్న గుర్తులు. రాత్రికి రాత్రి బొమ్మ లారీలు వాకిట్లో తిరిగి వెళ్లినట్టుందట. ఆ ఊళ్లో అందరూ పాత టైర్లు కోసి కుట్టిన చెప్పులు వేసుకుంటారని తర్వాత తెలిసింది. మహీధర్‌కీ ఒక జత కుట్టించారు. వాడి అడుగులు కూడా ఆ గుర్తుల్లో కలిసిపోయాయి.

పత్తి కాలంలో మిల్లు నడిస్తే దూది పింజలు గాల్లోకి లేచి చెట్ల మీద, కప్పుల మీద, మేకల వీపుల మీద దిగేవి. నల్లటి పిల్లలు తెల్లటి కనుబొమలతో పరుగెత్తేవాళ్లు. ఇక్కడ మొదటిసారి మంచు పడ్డప్పుడు ఆవిడ కిటికీలోంచి చూసి, "మిల్లు మొదలెట్టార్రా" అందట. ఎవరికీ అర్థం కాలేదు.

ఇక సాగనంపడం. ఆ ఊళ్లో ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో వదిలేయడమంటే పొమ్మన్నట్టే. వెంట నడవాలి. ఎంత దూరం నడిస్తే అంత ఇష్టం. పని మీద వచ్చినవాడికి కంచె దాకా. తెలిసినవాళ్లకి దారిలో ఉన్న బూరుగు లాంటి లావు చెట్టు దాకా. మనసుకి దగ్గరైనవాళ్లకి లారీ రోడ్డు దాకా. అక్కడ విడిపోయాక కూడా మాట ఆగదు. ఇద్దరూ వీపులు తిప్పుకుని చెరో వైపు నడుస్తూనే, ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, కోళ్లెలా ఉన్నాయి, పొలమెలా ఉందని అడుగుతుంటారు, చెబుతుంటారు. గొంతు అందేదాకా. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే మళ్లీ మొదటి నుంచి సాగనంపాలి.

"మనకీ ఉందిగా సాగనంపడం. గుమ్మం దాకా. వాళ్లది దారి దాకా" అనేది ఆంటీ.

బ్రాంప్టన్‌లో ఆవిడకి కంచె, చెట్టు, లారీ రోడ్డు అన్నీ దొరికాయి. కొత్తవాళ్లకి ఉత్తరాల పెట్టె. పాతవాళ్లకి మంటలార్పే నీళ్ల కోసం రోడ్డు పక్కన పాతిన నీలం రంగు ఫైర్ హైడ్రెంట్. ఇష్టమైనవాళ్లకి వీధి మలుపు, అక్కడి నుంచి బస్‌స్టాప్ కనిపిస్తుంది. ఈ లెక్క మాకందరికీ తెలిసిపోయింది. ఒకరోజు పులుసు పలచగా ఉందన్నాను. గ్యారేజీ దాకానే వచ్చి ఆగింది. ఇంట్లో కులాసానా అని కూడా అడగలేదు. వారం పాటు పొగడాల్సి వచ్చింది హైడ్రెంట్ దాకా చేరడానికి. తేజశ్రీ అని కాలేజీలో చదివే అమ్మాయి మొదటి రోజే మలుపు దాకా వెళ్లింది. ఆ సంగతి మా బేస్‌మెంట్‌లో చాలా రోజులు నలిగింది.

నేనూ జవాబులు చెప్పడం అలవాటు చేసుకున్నాను. లేని బర్రె ఈనింది. దూడ కూడా పెద్దదైంది. చీకటి పడుతున్న వీధిలో నా ముందు బస్‌స్టాప్ వెలుగు, నా వెనక చిన్నదవుతున్న ఒక గొంతు. ఆ కాసేపూ నేను ఏ దేశంలో ఉన్నానో గుర్తుండేది కాదు.

ఫిబ్రవరిలో గొడవ వచ్చింది. శ్యామల గారి గుమ్మానికి కెమెరా ఉన్న కాలింగ్ బెల్ ఉంది. ఒకరోజు వాళ్లమ్మాయి అనన్య ఫోన్‌లో అది చూస్తూ, "మామ్, షీ ఈజ్ టాకింగ్ టు నోబడీ" అందట. శ్యామల గారు చూశారు. భయపడ్డారు. మంచిగా ఆలోచించే ఆ వీడియో కాల్గరీలో ఉన్న మహీధర్‌కి పంపారు. తండ్రి పోయాక తల్లిని కెనడాకి తెచ్చుకుని, అతను మొదట బ్రాంప్టన్‌లోనే ఉండేవాడు. ఉద్యోగం కాల్గరీకి మారినప్పుడు ఆవిడ పిల్లల తిండి మానిపించి రానని ఇక్కడే ఉండిపోయింది. వీడియో చూసి ఆ వారంలోనే విమానం ఎక్కి వచ్చేశాడు. అమ్మకి మతిమరుపు జబ్బు మొదలైంది, తీసుకెళ్లిపోతాను అన్నాడు.

నేను క్యారేజీ కోసం వెళ్లేసరికి తల్లీకొడుకులు బల్ల దగ్గర ఉన్నారు. మహీధర్ నెమ్మదైన మనిషి. అలసిపోయి ఉన్నాడు. ఫోన్ బల్ల మీద నిలబెట్టి మళ్లీ చూపించాడు. మంచు పడుతోంది. ఆంటీ ఒక్కతే ఇంటి వైపు నడిచి వస్తోంది. మాట్లాడుతోంది. ఆగి, ఎవరో చెప్పింది విన్నట్టు తలాడిస్తోంది. నవ్వుతోంది. మళ్లీ ఏదో అడుగుతోంది. వీధి మొత్తం మీద ఇంకో మనిషి లేడు.

"ఇది ఎవరితోనమ్మా?"

"ఈ సన్నాసితోనే" అని గరిటె నా వైపు చూపించింది.

"ఇతను ఇందులో ఎక్కడున్నాడు?"

"వెనకాల. నీ కెమెరాకి అంత దూరం చూపానకపోతే నన్నేం చెయ్యమంటావు?"

"నిజమేనన్నా" అన్నాను. "నేనే. బర్రె సంగతి చెప్తున్న."

మహీధర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సౌండ్ ఫుల్ పెట్టాను తమ్ముడూ. నీ వాయిస్ లేదు. మైక్‌కి అందని మాట అమ్మకెలా వినిపించింది?"

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అంది. "వినపడక్కర్లేదురా. చెబుతున్నాడని తెలిస్తే చాలు."

ఆ ఒక్క మాటతో పని చెడింది. మహీధర్ కళ్లు మూసుకుని తెరిచాడు. అతనితో పనిచేసే ఒకాయన తండ్రి కిందటి చలికాలం ఇంట్లోంచి అలా నడుచుకుంటూ వెళ్లిపోయాడట. దొరికేసరికి కాలి వేళ్లు తీసేయాల్సి వచ్చిందట. అది చెప్పేటప్పుడు అతని గొంతు వణికింది. కోపంతో అయితే నేను వాదించేవాణ్ణి.

"ఆ ఊళ్లో అట్లనే చేస్తరంట కదన్నా. నువ్వూ ఉన్నవంట కదా ఆడ" అని మాత్రం అన్నాను.

"చిన్నప్పుడు ఉన్నాం. నాకేం గుర్తులేదు."

ఆంటీ గరిటె పక్కన పెట్టింది. "గుర్తులేదంటాడు. వీడికి పన్నెండేళ్లప్పుడు ఆ ఊరు వదిలి వచ్చేసిన రోజు పక్కింటావిడ మామా పెండో, ఆవిడ పిల్లలు లారీ రోడ్డు దాకా వచ్చారు. లారీ కదిలినా ఆ పిల్లలు అడగడం ఆపలేదు. వీడు వెనక నిలబడి దుమ్ములోంచి జవాబులు చెబుతానే ఉన్నాడు. వాళ్లు కనపడకపోయినా చెబుతానే ఉన్నాడు. గుంటూరొచ్చి బళ్లో వేశాక ఎవడో ఏడిపించాడు, ఆ భాషేందిరా అని. ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాడు."

"అమ్మా, ఇప్పుడా సంగతులెందుకు?"

"నీ దగ్గరికొచ్చి నేనేం చెయ్యాలిరా? మీ ఇంట్లో గ్యారేజీ తలుపు బటన్ నొక్కితే లేస్తుంది. కారులో కూర్చున్నవాళ్లు కారులోనే వెళ్లిపోతారు. నేల మీద కాలు పెట్టేవాళ్లు లేరు. ఎవర్ని సాగనంపను?"

అతను టికెట్లు రెండు తీసుకున్నానని మాత్రం అన్నాడు.

ఆవిడ ఇక వాదించలేదు. మర్నాడు మేము వెళ్లేసరికి ఊరగాయ జాడీలు పంచుతోంది. తేజశ్రీకి గోంగూర, నాకు మాగాయ. "మూత గట్టిగా పెట్టు, తడి చెయ్యి పెట్టావంటే చంపుతా" అంది. మాగాయ జాడీ చేతిలో పట్టుకుంటే నాకు సంగతి పూర్తిగా అర్థమైంది. ఆవిడ వెళ్లిపోతే ఈ వీధిలో మళ్లీ తలుపుల చప్పుడే మిగులుతుంది.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం. ఆవిడ సామాను ఉన్న పెట్టెలో పట్టలేదు. ఇంకో పెద్ద సూట్‌కేస్ కొనాలని మహీధర్ మాల్‌కి బయల్దేరాడు. నాకు షిఫ్ట్ ఉంది, ఇద్దరిదీ ఒకే బస్సు. మేము బూట్లు తొడుక్కుంటుంటే ఆంటీ కొక్కెం మీది జాకెట్ తీసింది.

"నువ్వెందుకమ్మా? చలి."

"జాకెట్ వేసుకున్నాగా. నోటికి కూడా తొడుగు వెయ్యాలా?"

ముగ్గురం నడిచాం. మెత్తటి మంచు, గాలి లేదు. రేకులు కిందికి రావడానికి తొందర లేనట్టు గాల్లోనే తిరుగుతున్నాయి. ఉత్తరాల పెట్టె దాటాం. నీలం హైడ్రెంట్ సగం కూరుకుపోయి ఉంది, అదీ దాటాం. మలుపు వచ్చింది. ఆవిడ ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. మలుపు తిరిగి ఇంకా నడిచింది. అంత దూరం ఆవిడ ఎవరికోసమూ రాగా నేను చూడలేదు. బస్‌స్టాప్‌కి కొద్ది దూరంలో నిలబడి, కొడుకు మెడ దగ్గర మఫ్లర్ సరిచేసింది.

"ఇక వెళ్లు" అంది. వెనక్కి తిరిగి నడిచింది.

మేమిద్దరం స్టాప్ వైపు నడుస్తున్నాం. వెనక నుంచి గొంతు వచ్చింది. ఈసారి తెలుగు కాదు, మ్వాసేగె భాష.

"హబారి జా న్యుంబాని?"

ఇల్లెలా ఉంది అని. ఆవిడ కథల్లో విని విని అంతవరకు నాకూ తెలుసు. జవాబు ఏమిటో కూడా తెలుసు. కానీ అడిగింది నన్ను కాదు. మహీధర్ తల దించుకుని నడుస్తున్నాడు. బూట్ల కింద మంచు కిర్రుమంటోంది.

"హబారి జా వటోటో?" పిల్లలెలా ఉన్నారు?

మహీధర్ మఫ్లర్ పైకి లాక్కున్నాడు. గొంతు ఇంకొంచెం దూరమైంది. ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ అక్కడే మంచులో నిలబడి చూస్తోందేమో. తిరిగి చూడాలనిపించింది, మెడ బిగబట్టుకున్నాను. అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది, చాలా సన్నగా. కోళ్ల గురించి అనుకుంటాను.

మహీధర్ అడుగు తడబడింది. ఆగలేదు.

"సలామా" అన్నాడు. కులాసా అని.

అది అతని గొంతు కాదు. అంటే, అతని గొంతే, కానీ కాల్గరీ ఆఫీసులో వాడేది కాదు. మామా పెండో పిల్లలకి చెబుతున్నట్టు ఒక పన్నెండేళ్ల వాడు లారీ వెనక నుంచి అరిచినట్టు, చివర కొద్దిగా పైకి లేచింది. వెనక నుంచి మరో ప్రశ్న. ఇతను మరో జవాబు. తర్వాత ఆపకుండా చెప్పుకుంటూ పోయాడు. నాకు తెలియని మాటలు కూడా. స్టాప్ దగ్గర నిలబడి, ఖాళీ రోడ్డు వైపు మొహం పెట్టి, వీపుతో వింటూ చెబుతున్నాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు మా నుంచి కొంచెం జరిగారు. ఒక పెద్దావిడ చేతిసంచి దగ్గరికి లాక్కుంది.

"అన్నా, ఆమె ఏం అడిగిందో నాకైతే వినపడట్లే" అన్నాను నెమ్మదిగా.

"నాకూ వినపడట్లేదు" అన్నాడు. ఇంకో జవాబు చెప్పాడు.

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. డ్రైవర్ మా ఇద్దరినీ చూశాడు. నేను ఎక్కాను. మహీధర్ ఎక్కలేదు. చెయ్యి అడ్డంగా ఊపాడు, నువ్వు వెళ్లమని. కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచి చూశాను. అతను కాలిబాట మీద మంచు వైపు వంగి చూస్తున్నాడు. ఆవిడ పాత స్నో బూట్ల గుర్తులు, పక్కన తనవి, నావి. కాసేపు అలా చూసి, ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు.

సూట్‌కేస్ కొనలేదు. ఆదివారం ఒక టికెట్ వాడుకున్నాడు, రెండోది వృథా అయింది. వెళ్లేముందు శ్యామల గారికి ఏం చెప్పాడో నాకు తెలియదు. తల్లికి మాత్రం చెవులు కప్పే టోపీ ఒకటి, మనిషి ఎక్కడుందో ఫోన్‌లో చూపించే గడియారం ఒకటి కొనిచ్చాడు. గడియారాన్ని ఆవిడ పోపుల డబ్బా పక్కన పెట్టింది. చేతికి పెట్టుకుంటే వంటకి అడ్డమొస్తోందట. మాగాయ జాడీ వెనక్కి ఇచ్చెయ్యమంది. అప్పటికి సగం అయిపోయింది. దాంతో మళ్లీ గ్యారేజీ దాకా పడిపోయాను.

ఆ మధ్యాహ్నం వీడియో కూడా ఆ కెమెరాలో ఉండే ఉంటుంది. మంచు పింజలు పింజలుగా దిగుతుంటే ఒక ముసలావిడ ఒక్కతే ఖాళీ వీధిలో నడిచొస్తూ, ఇక్కడ ఎవరికీ తెలియని భాషలో ఏదో అడుగుతుంది. ఆగుతుంది. తలాడిస్తుంది. వీధిలో ఎవరూ ఉండరు.